పడమటి కిటికీ, మూడడుగుల సముద్రం

మా ఖమ్మం వైపు కారానికి పెట్టింది పేరు. ఇక ఉప్పు సంగతేదో నేను చూద్దామని భద్రాచలంలో, మా ఇంటి హాల్లో, ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టాను. మా ఊరు దాటిన గోదావరి ఎప్పటికో ఒకప్పటికి సముద్రంలో కలుస్తుంది. అంత దూరం ఎవరు పోతారని నేను సముద్రాన్నే ఎదురు రమ్మన్నాను. వచ్చింది. వచ్చాక తెలిసింది, సముద్రం ఒంటరిగా రాదని. పాచిని వెంటబెట్టుకుని వస్తుంది.

ఈ సరదా నాకెందుకు పుట్టిందో ముందు చెప్పాలి. ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం చెబుతున్నాను. అన్నేళ్లలో సముద్రపు ప్రాణులంటే నాకు తెలిసింది ల్యాబు బీరువాలోని సీసాలే. ఫార్మలిన్‌లో నాని నాని చేపలూ, నక్షత్రచేపలూ, పీతలూ అన్నీ ఒకే రంగుకు వచ్చేశాయి. పాత పసుపు గుడ్డ రంగు. ఒక సీసా ఎత్తిపట్టుకుని "ఇది మంచి నారింజ రంగులో ఉంటుంది" అంటాను. పిల్లలు సీసా వంక చూస్తారు, నా వంక చూస్తారు, పోనీలే పాపం అన్నట్టు రాసుకుంటారు. అసలు సముద్రాన్ని నేను చూసిందే రెండుసార్లు. రెండుసార్లూ పెళ్లి బస్సులో పోయి, చెప్పులు చేత పట్టుకుని, వెనక నుంచి ఎవరో "జల్దీ ఎక్కండి" అని కేకేస్తుండగా. అలల్లో నిలబడి నేను చూసిందల్లా డ్రైవరు ముఖమే.

అందుకని యాభై దాటాక, నారింజ రంగు చేప నిజంగా నారింజ రంగులోనే ఉంటుందా అని నా కళ్లతో నేను చూసుకోవాలనిపించింది. ఖమ్మంలో ఒక అక్వేరియం షాపతనితో మాట్లాడి మూడడుగుల గాజు తొట్టి, ఉప్పు ప్యాకెట్లు, పంపు, లైటు అన్నీ బస్సు మీద వేయించుకున్నాను.

తొట్టి వచ్చాక సమస్య వచ్చింది, ఎక్కడ పెట్టాలని.

మా ఇల్లు చిన్నది. వెలుతురు ఇంకా చిన్నది. ధారాళంగా వెలుతురు వచ్చే చోటు ఒక్కటే ఉంది, హాల్లో పడమటి కిటికీ పక్క. అక్కడ మా ఆవిడ కుట్టుమిషన్ ఉండేది. తను జాకెట్లు కుడుతుంది. పొద్దున కత్తిరింపులు, వంట అయ్యాక మధ్యాహ్నం నుంచి కుట్టు. మా వీధి ఆడవాళ్లే కాదు, సంత రోజున అడవి ఊళ్ల నుంచి దిగేవాళ్లు కూడా ఇప్పపువ్వో, చింతపండో అమ్ముకుని, ఆ చేత్తోనే మా గడపలో ఒక జాకెట్టు గుడ్డ పెట్టి పోతారు. కుట్టులో తనకొక పట్టింపు ఉంది. దారం గుడ్డలో కలిసిపోవాలి. కనబడితే అది కుట్టు కాదు, చిరుగుకు వేసిన మాటు. ఒక్క ఆకుపచ్చలోనే తన డబ్బాలో పద్నాలుగు రకాల దారాలుంటాయి. నాకు ఆ పద్నాలుగూ ఒకటే. అందుకే దారం ఉండ అందివ్వమని నన్ను ఎప్పుడూ అడగదు.

ఆ కిటికీ పక్క జాగా నాకు కావాలన్నాను.

"అక్కడ ఎండ పడుతదండీ," అంది.

"పడనీ. సముద్రానికి కప్పు ఉంటుందా? ఎండలోనే కదా ఉండేది!"

"సముద్రం సంగతి నాకేం తెలుసు? నా మిషన్ ఏడ పెట్టుకోవాలె?"

"వెనకర్రలో ట్యూబ్‌లైట్ ఉంది కదా."

వెనకర్ర అంటే వంటింటి వెనక చీకటి గది. తను ఒకసారి ఆ గది వైపు చూసింది, ఒకసారి నా తొట్టి వైపు చూసింది. ముప్పై ఏళ్లలో నేను నోరు తెరిచి అడిగినవి తక్కువ. అడిగినవాటిలో ఇంత పెద్దది ఇదే, మూడడుగులు.

"సరే, నవమి దాకా చూస్త," అంది. "గప్పటికి మీ సముద్రం చూడబుద్ధయ్యేటట్టు ఉంటే ఉంచుకోండి, నా తిప్పలు నేను పడత. లేకుంటే నవమి తెల్లారి మిషన్ తన జాగలకు తను వస్తది. మీ సముద్రాన్ని గోదాట్లో కలిపేస్త."

నవమి అంటే మా ఊళ్లో వేరే వివరం అక్కర్లేదు. రాములవారి కల్యాణానికి దేశమంతా వస్తే, మా ఇంటికి చుట్టాలంతా వస్తారు. తనకు జాకెట్లు కుప్పపడేదీ ఆ ముందు రోజుల్లోనే. దీపావళి వెళ్లిన మర్నాడు మిషన్ వెనకర్రకు పోయింది. కిటికీ పక్కకు సముద్రం వచ్చింది. నా చేతిలో ఐదు నెలలున్నాయి. సముద్రమంత ధీమాగా ఉన్నాను.

మొదటి తప్పు అప్పుడే చేశాను. షాపతను అడుగున పరచడానికి తెల్ల ఇసుక కూడా పంపుతానన్నాడు. గోదావరి ఒడ్డున బతికేవాడు ఇసుక కొంటాడా? లారీలకు లారీలు పట్నాలకు పోయేది మా ఇసుకే కదా! పర్ణశాల వెళ్లినప్పుడు స్కూటరు ముందు పెట్టుకుని ఒక బస్తా తెచ్చాను. ఏడు నీళ్లలో కడిగాను. ఫిల్టరు ప్లాంటు నీళ్లలో ఉప్పు కలిపి, ఉప్పు ఎంతుందో చూసే గాజు మీటరు ముంచి, గీతలు చూసి చూసి కొలిచాను.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. "పప్పులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఒక్కనాడు చెప్పరు. నీళ్లకైతే మీటరు వెట్టిండ్రు."

చేపలొచ్చాయి. తెల్ల పట్టీల నారింజ రంగువి రెండు. నిజంగానే నారింజ! ఆ రోజు కాలేజీకి పోయి సీసాను చూస్తే ఏడుపొచ్చింది. ఇంకొకటి అడుగున తిరిగేది, తల పసుపు, ఒళ్లు తెలుపు. ఇసుకను నోటినిండా తీసుకుని, మొప్పల్లోంచి జల్లుతూ, అందులో తిండి ఏరుకుంటుంది. మా ఆవిడ దాన్ని చూసి "ఇది రాళ్లు ఏరుతాంది చూడండి, మీ లెక్క కాదు" అంది. నేను బియ్యంలో రాళ్లు సరిగా ఏరనని పాత ఫిర్యాదు ఒకటుంది.

మూడు వారాలు మా ఇల్లు బీచే. నాలుగో వారం ఇసుక మీద గోధుమరంగు పొర కనబడింది. కాఫీ పొడి చల్లినట్టు పలచగా. రెండు రోజుల్లో కాఫీ చిక్కబడింది.

ఖమ్మం ఫోన్ చేశాను.

"కొత్త తొట్టికి కొన్నాళ్లు వస్తది సార్, పరేషాన్ గాకండి," అన్నాడు షాపతను. "గని మీరు ఇసుక ఏది పోసినరు?"

"గోదావరిది. ఫస్ట్ క్లాస్ ఇసుక తమ్ముడూ, ఏడు నీళ్లు కడిగిన."

"సార్, గది ఇల్లు కట్టేటానికి. సముద్రం కట్టేటానికి గాదు. నది ఇసుకల గోధుమ పాచి తినే సరుకు ఉంటదంటరు. తీసెయ్యిండ్రి."

తీసేశాను. గోదావరి గోదావరికి పోయింది. మూడు గంటలు బస్సులో కూర్చుని ఖమ్మం పోయి, పగడాలూ గవ్వలూ నలిగి అయిన తెల్ల ఇసుక తెచ్చి పోశాను. పది రోజులు మల్లెపూవల్లే ఉంది. పదకొండో రోజు కాఫీ మళ్లీ కాగింది.

అక్కడి నుంచి నా బతుకు పాచిపని అయింది. మా ఇంట్లో అంట్లు తోమడానికి, ఇల్లు తుడవడానికి మనిషిని పెట్టుకోలేదు ఎప్పుడూ. ఇప్పుడు పాచికి మాత్రం ఒక మనిషి కుదిరాడు. జీతం అడగడు, నాగా పెట్టడు, ఎంఎస్సీ చదివాడు.

షాపతను చెప్పినవన్నీ చేశాను. చేపలకు తిండి తగ్గించమన్నాడు, మిగిలింది కుళ్లి పాచికి మేత అవుతుందని. తగ్గించాను. నారింజ చేపలు నన్ను చూడగానే గాజు దగ్గరికొచ్చి నోళ్లు తెరిచి తిట్టేవి. ఇసుకలో దూరి తిరిగే నత్తలను వెయ్యమన్నాడు. ఆరు వేశాను. అవి పగలంతా ఇసుకలో పడుకుని, తిండి వాసన రాగానే తొండాల్లాంటివి పైకెత్తి లేచేవి. ప్రభుత్వోద్యోగం చేసేవాడిని కాబట్టి వాటిని ఒక్క మాట అనలేకపోయాను. పంపు ఇంకొకటి పెట్టి నీళ్లలో ఉరవడి పెంచమన్నాడు. పెంచాను. లైటు ఎన్ని గంటలు వేస్తున్నారన్నాడు.

"ఎనిమిది."

"ఆరు చెయ్యిండ్రి."

ఆరు చేశాను. తర్వాత నాలుగు చేశాను. పాచికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఇది కాక నా సొంత వైద్యం ఒకటి. రోజూ పొద్దున్నే పొడుగాటి ప్లాస్టిక్ స్కేలు పెట్టి ఇసుకను కలియబెట్టేవాణ్ని. గోధుమరంగు కిందికి పోయి, కింది తెలుపు పైకి వచ్చేది. కాలేజీకి బయల్దేరేటప్పటికి ఇసుక మెరిసిపోతుండేది. సాయంత్రం ఐదింటికి తిరిగొచ్చేసరికి మళ్లీ దుప్పటి కప్పుకుని ఉండేది. పొద్దున తెలుపు, సాయంత్రం గోధుమ. నేను లేనప్పుడు ఏం జరుగుతోందో నాకు అర్థమయ్యేది కాదు. నా మీద కోపంతో చేపలే ఏదైనా చేస్తున్నాయేమో అనే దాకా వచ్చింది.

ఆదివారం ఆదివారం నీళ్లు మార్చేవాణ్ని. సన్నటి పైపు ఒక కొస తొట్టిలో, రెండో కొస నోట్లో పెట్టుకుని పీలిస్తే నీళ్లు బకెట్లోకి దిగుతాయి, అడుగున పాచి కొంత వాటితో వస్తుంది. సమయానికి నోరు తియ్యాలి. ఈ విద్య నాకు నెల రోజులకు గానీ పట్టుబడలేదు. సముద్రాన్ని రెండుసార్లే చూశానన్నాను కదా, తాగడం మాత్రం ఎన్నిసార్లో లెక్కలేదు.

ఇదంతా జరుగుతుండగా వెనకర్రలో మిషన్ నడుస్తూనే ఉంది. వెనకటిలా టకటకా గుక్కతిప్పుకోకుండా కాదు. నాలుగడుగులు నడిచి ఆగేది. మళ్లీ నడిచేది. ఒకరోజు లోపలి నుంచి కేక వేసింది.

"ఏమండీ, సూదిలో దారం ఎక్కించరూ? కండ్లు గుంజుతున్నయి."

పోయి ఎక్కించాను. ఎక్కిస్తున్నంతసేపూ పాచిలో రకాల గురించి చెప్పాను. మొదట వచ్చేది గోధుమ పాచి, దానికి గాజు పెంకు ఉంటుంది. తర్వాత ఎర్రటి జిగురు పాచి వస్తుంది, మధ్యాహ్నానికి దానిమీద బుడగలు లేస్తాయి. నిజానికి ఇదంతా వృక్షశాస్త్రం వాళ్ల పని, నేను జంతువుల వాణ్ని, అందుకే ఇది నాకు లొంగడం లేదు.

"గట్లనా," అంది తను, దారం లాగి చూసుకుంటూ. ట్యూబ్‌లైట్ టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది. దాని కింద తను గుడ్డను కంటికి ఇంత దగ్గరగా పెట్టుకుని ఉంది. నేను చూశాను. చూసి కూడా, ఎర్ర పాచికి మందు లేదన్న సంగతి చెప్పడం మర్చిపోయానని, మళ్లీ మొదలుపెట్టాను.

శివరాత్రి పోయింది. ఎండలు ముదిరాయి. నేను భయపడ్డట్టే ఎర్ర పాచి వచ్చింది. ఇసుక మీద ముదురు ఎరుపు తోలు పరిచినట్టు. వేలితో లేపితే పొరలు పొరలుగా ఊడివచ్చేది. రాళ్లు ఏరే చేప దాని మీద నోరు పెట్టి, ఊసి, ఒక మూలకు పోయి కూర్చుంది. నవమి పది రోజుల్లోకి వచ్చింది. నీళ్లు చల్లగా ఉండడానికి ఫ్యాను పెట్టాను గానీ, నాకే చెమట పట్టడం ఆగలేదు. మా ఆవిడ రోజూ హాల్లోంచి పోతూ ఒకసారి ఇసుక వంక, ఒకసారి గోడ మీద క్యాలెండరు వంక చూసేది. అంతే.

ఆ వారం సంత రోజున నాకు పరీక్షల డ్యూటీ ఒంటిపూటకే అయిపోయింది. రెండున్నరకల్లా ఇంటికొచ్చాను. వచ్చేసరికి గుమ్మంలో ఒకామె చెప్పులు విడుస్తోంది. టేకులపల్లి అవతల అడవి ఊరు, భద్రాచలంలో అన్నగారిల్లు ఉండడంతో సంతకు ఇటే వస్తుంది. మా ఆవిడ దగ్గర కొన్నేళ్లుగా కుట్టిస్తుంది. చేతిలో పచ్చ జాకెట్టు ఉంది.

"అక్కా," అంది నెమ్మదిగా, "నువ్వు కోపం జేసుకోనంటే ఒక మాట. గిది చూడు."

జాకెట్టు తిరగేసి చూపించింది. ముదురు ఆకుపచ్చ గుడ్డ. చంకల దగ్గర్నుంచి నడుము దాకా, మెడ చుట్టూ, కుట్టంతా నల్లదారం.

మా ఆవిడ దాన్ని తీసుకుంది. గుమ్మంలో వెలుతురుకు పెట్టి చూసింది. నేను తన ముఖం చూశాను. గిన్నె జారి పగిలినప్పుడు కూడా అట్లా పాలిపోవడం ఎన్నడూ చూడలేదు.

"నల్లదారం వేసిన్నా నేను?" అంది. ఎవరినో అడుగుతున్నట్టు.

"పోనీ తియ్యి అక్కా. లోపటి పక్క ఎవలు చూస్తరు? మా తమ్ముని పెండ్లికి కట్టుకోవాలె, చీర కొంగు కప్పుకుంటే ఏం కనవడది. నీకు చెప్పకుంటే మంచిగుండదని తెచ్చిన గని, మళ్ల కుట్టమని గాదు."

"లేదు చెల్లే. ఇప్పిపారేసి మళ్ల కుడత. ఇయ్యాల కాదు, నవమి పోయినంక రా." అని కత్తెర తెచ్చుకుని గుమ్మంలోనే కూర్చుంది. ఆ చీకటి గదిలోకి పోలేదు. ఒక్కో కుట్టూ తెంపుతుంటే టప్పు టప్పుమని వినబడుతోంది.

జాకెట్టు తెచ్చినామె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మా ఆవిడ ముఖం చూడలేక కాబోలు, కిటికీ వైపు తిరిగి తొట్టి ముందు చతికిలబడింది. నేనూ తన ముఖం చూడలేక ఆ పక్కనే నిలబడ్డాను.

"గిదేంది సారూ?"

"సముద్రం."

"ఇంట్లనా?" నవ్వు ఆపుకుంది. "చేపలు మంచిగున్నయి. కూరకేనా?"

"కాదమ్మా. చూడ్డానికి."

"అవ్, చూడ్డానికి మంచిగున్నయి." వంగి అడుగుకు చూసింది. "ఇసుకకే మంచిగ లేదు. పాచి వట్టింది."

"ఏం చేసినా పోతలేదు. రోజూ కలియబెడుతున్న."

"ఎందుకు గెలుకుడు? గెలికితే అడుగు మురికి మీదికొస్తది గద సారూ." అని నా వైపు జాలిగా చూసింది. సీసా చూసినప్పుడు మా పిల్లలు చూసినట్టే. "మేం చెలిమెను గెలకం."

చెలిమె అంటే నాకు తెలుసు. వాగు ఎండిపోయినప్పుడు ఇసుకలో గుంట తీస్తే నీళ్లు ఊరుతాయి, ఎండాకాలమంతా ఆ ఊళ్లవాళ్లు తాగేది అవే. తెలుసంటే అంతవరకే తెలుసు. దాన్ని ఎట్లా చూసుకుంటారో ఎన్నడూ అడగలేదు.

"పొద్దుగాల పోయి సొరబుర్రతోని రాత్రి నీళ్లు తోడి పారవోస్తం," అంది. "మీది ఇసుకకు జిగురు వడితే గంత మటుకు పలచగ గీకి అవతల వడేస్తం. కింది ఇసుక జోలికి పోం. నీళ్లు దెచ్చుకున్నంక మోదుగ కొమ్మలు దెచ్చి కప్పుతం."

"కొమ్మలెందుకు? ఆకులు పడకుండానా?"

"ఎండ వడకుంట." ఆమె చెయ్యి చాపి చూపించింది. "ఎండ వడితే పాచి వడతది. గిదెట్ల వడ్డదో చూడరాదు!"

చూశాను. పడమటి కిటికీలోంచి ఎండ వాలుగా దిగి, తొట్టి గాజు దాటి, తిన్నగా ఇసుక మీద పడుతోంది. కిటికీ చువ్వల నీడలు ఎర్ర పాచి మీద చారలు చారలుగా ఉన్నాయి. పాచి నిండా బుడగలు లేస్తున్నాయి. చువ్వ నీడ పడ్డచోట మాత్రం తక్కువ. ఎక్కువ ఎండ, ఎక్కువ పాచి. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టుంది.

ఆ వేళకు నేను అక్కడ నిలబడడం అదే మొదటిసారి. ఐదింటికి నేనొచ్చేసరికి ఎండ, ఎదురుగా ఉన్న మూడంతస్తుల లాడ్జి వెనక్కి పోతుంది. మరి ఆదివారాలో అంటారా? ఆదివారం రెండున్నరకు నేను ఎక్కడుంటానో, ఏ భంగిమలో ఉంటానో మా ఆవిడకు తెలుసు. గురక కూడా పెడతానట.

షాపతను లైటు ఎన్ని గంటలని అడిగితే, కరెంటు లైటు గంటలు చెప్పాను. ఎండ కూడా లైటేనని తోచలేదు. దానికి స్విచ్ లేదు కదా! కిరణజన్య సంయోగక్రియ అనే మాటను పరీక్ష పేపర్లలో ఎన్ని వందల సార్లు చూశానో. మాట మొదట్లోనే కిరణం ఉంది. ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టలేదు.

అప్పుడు వెనక టప్పుమన్న చప్పుడు ఆగింది. తిరిగి చూశాను. మా ఆవిడ పచ్చ జాకెట్టు ఒళ్లో పెట్టుకుని మా ఇద్దరినీ చూస్తోంది. ఆ కిటికీ వెలుతురు ఉంటే తను నల్లదారాన్ని పచ్చదారం అనుకునేది కాదు. నాకు అక్కర్లేని ఎండను తెచ్చి నా ఇసుక మీద పోసుకున్నాను. అదే ఎండ లేక తన చేతిలో పద్నాలుగు పచ్చలూ నలుపైపోయాయి. రెండు ఇళ్ల కరెంటు వైర్లు తారుమారుగా కలిపినట్టుంది నా పని.

ఆమె లేచి, "వస్త అక్కా, వస్త సారూ," అని సంతకు పోయింది. నేను మా ఆవిడ దగ్గరికెళ్లి కూర్చున్నాను.

"నువ్వు మొదటి రోజే చెప్పినవు. ఎండ పడుతదని."

"చెప్పిన."

"మళ్ల ఎందుకు చెప్పలే?"

"ఏం జెప్పాలె?" అంది, కుట్టు తెంపుతూ. "అప్పుడు నేను ఎండ గురించి చెప్తే మీకు మిషన్ గురించి ఇనవడ్డది. ఇంకోసారి జెప్తే ఇంకా గట్టిగ ఇనవడేది."

అది నిజం. తను ఎండ అన్నప్పుడు, జాగా కోసం సాకు చెబుతోంది అనుకున్నాను. ఆ జాగాతో ఏ పనీ లేనామె వచ్చి అదే మాట చెబితే శాస్త్రమైంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను, చెప్పింది ఎవరని కాదు, చెప్పిందేమిటని చూడమని. పిల్లలు రాసుకున్నారు. నేను రాసుకోలేదు.

"మిషన్ ఇప్పుడే తెద్దాం పట్టు," అన్నాను.

"నవమి ఇంకా రాలే గద."

"నాకు వచ్చింది."

తను నవ్వింది. నల్లదారం తర్వాత అదే మొదటి నవ్వు.

సముద్రాన్ని కదిలించడం చెప్పినంత తేలిక కాదు. పైపు నోట్లో పెట్టుకుని ఉన్న బకెట్లన్నీ నింపాను. నీళ్లు పట్టుకునే డ్రమ్ము, బట్టలు నానబెట్టే టబ్బు కూడా నింపాను. చేపల కోసం వంటింట్లోకి చెయ్యి చాపితే, "రాగి బిందె ముట్టద్దు" అని కేక వినబడింది. తను ఆ బిందె మంచి కోసం అంది గానీ, రాగి తగిలితే నా నత్తలు నిజంగానే బతకవు. ఆ రోజు తను చెప్పిన ప్రతి మాటా ఏదో ఒక విధంగా శాస్త్రమే అవుతోంది. చేపలు తెల్ల ప్లాస్టిక్ బకెట్లో గుండ్రంగా తిరుగుతూ ఏం జరుగుతోందో అని చూస్తున్నాయి. అడుగున వేలెడు నీళ్లు మిగిలాక గరిటె అడిగాను.

"పప్పు గరిటె ఇయ్య. విరిగిన చట్నీ గరిటె ఉంది, గది తీసుకోండి."

విరిగిన గరిటెతో ఇసుక పైపొరను పలచగా గీకాను. కింది ఇసుక జోలికి పోలేదు. ఎర్ర తోలు అట్టలు అట్టలుగా లేచి వచ్చింది. తను పక్కన నిలబడి, "గెలకొద్దంట, గెలకొద్దంట" అని ఆమె గొంతు పెట్టి అంటూనే ఉంది. నాకు ఆనందంగానే ఉంది, ఆ నవ్వులో నేనుండడం.

తొట్టిని ఈడ్చి ఈడ్చి హాలు లోపలి గోడకు, బీరువా పక్కకు చేర్చాం. రోజంతా మసక ఉండే చోటు. అక్కడ దాని లైటు వెలిగితేనే వెలుగు, ఆర్పితే చీకటి. ఇన్నాళ్లూ ఆ చోటు ఎందుకూ పనికిరాదనుకున్నాం. కిటికీ పక్కకు మిషన్ వచ్చింది. తను కూర్చుని, సూది వైపు ఒక్కసారి చూసి దారం ఎక్కించింది. నన్ను పిలవలేదు.

నవమి నాటికి ఇసుక మల్లెపూవు కాలేదు. నిజం చెప్పాలి. గోధుమ మచ్చలు అక్కడక్కడ మిగిలాయి, ఆవు ఒంటి మీద ఉన్నట్టు. చుట్టాలు వచ్చారు, చూశారు. "చేపలు బాగున్నయి, ఆ మచ్చలేంది?" అని అడిగారు. మచ్చలున్న జాతి ఇసుక అని చెప్పాను. మా ఆవిడ వినీ విననట్టు వంటింట్లోకి పోయింది.

కల్యాణం అయింది. చుట్టాలు బస్సులెక్కారు. మర్నాడు పొద్దున తను కిటికీ పక్క కూర్చుని పచ్చ జాకెట్టు కుడుతోంది. మిషన్ ఆగకుండా నడుస్తోంది.

"నవమి తెల్లారింది," అన్నాను. "సముద్రాన్ని గోదాట్లో కలపాల్నా?"

తను తల ఎత్తలేదు. "ఉండనియ్యండి. అది ఉన్న జాగాతోని నాకు పనిలేదు."

అంతకంటే మంచి తీర్పు నాకు ఎవరిస్తారు? ఆ మధ్యాహ్నమే, ఆ మూలకు కూడా తలుపు సందులోంచి ఒక ఎండ చీలిక వస్తోందని తనే కనిపెట్టింది. జాకెట్ల లైనింగు గుడ్డ ముక్కలన్నీ కలిపి తొట్టి పక్కకు ఒక తెర కుట్టింది. పచ్చ గుడ్డకు పచ్చ దారం, నీలం గుడ్డకు నీలం దారం. పాచికి అడ్డం కట్టే తెరకు ఇంత పట్టింపు ఎందుకంటే, కుట్టు కనబడితే కుట్టు కాదంది.

రెండు వారాలు పోయాక జాకెట్టు కోసం ఆమె వచ్చింది. లోపలి పక్క తిరగేసి చూసుకుంది, కుట్టు ఎక్కడుందో వెతుక్కుని తృప్తిగా మడిచింది. పోతూ పోతూ తొట్టి దగ్గర ఆగి, తెర ఒక పక్కకు జరిపి వంగి చూసింది. లోపల ఇసుక తెల్లగా ఉంది. రాళ్లు ఏరే చేప నోటినిండా ఇసుక తీసుకుని, మొప్పల్లోంచి జల్లుతోంది. పండుగనాడు ఇల్లు సర్దుకునే మనిషిలా ఉంది.

ఆమె చాలాసేపు చూసింది. నేను పరీక్ష రాసి పేపరు ఇచ్చిన పిల్లవాడిలా నిలబడ్డాను.

"గిప్పుడు చెలిమె లెక్కున్నది సారూ," అంది. "తాగబుద్ధయితాంది."

కిటికీ దగ్గర్నుంచి మా ఆవిడ మిషన్ ఆపింది. "తాగకు చెల్లే. అది ఎట్లుంటదో సార్‌ను అడుగు. ఆదివారం ఆదివారం ఆయనే తాగుతడు."